ఎడమవైపు బ్రేకు

అనకాపల్లి,
10 ఆగస్టు 2003.

బావకు,

ఫోనులో నేను సరిగా మాట్లాడలేదని నీకు కోపం వచ్చినట్టుంది. ఎస్టీడీ బూత్‌లో నా వెనక నలుగురు నిలబడి వింటుంటే నాకు నోరు రాదు. బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను. ఇంతకోసం గోవా దాకా ఫోను చెయ్యాలా? ఉత్తరాలే రాస్తాను. చిన్నప్పుడు కాన్వెంట్లో సిస్టర్లు కూడా నా చేత మాట్లాడించలేక, రాసి చూపించమనేవారు.

బళ్ళ సంగతి. ఆదివారం చర్చి నుంచి రాగానే నీ బుల్లెట్టు స్టార్ట్ చేసి కాసేపు ఉంచుతున్నాను. స్టార్ట్ చెయ్యడమే. నడపనని మాట ఇచ్చాను కదా.

అత్త గుమ్మంలో నిలబడి, "ఏటే, ఆడు ఊళ్ళో లేకపోయినా ఆడి బండి మాత్రం ఇంట్లో అరుత్తానే ఉంది" అంటుంది. అంటూనే చక్రాల కింద చీపురు పెట్టి ఊడుస్తుంది.

నా యెజ్డీ ట్యాంకు రంగు గీకేశాను. ముదురు ఆకుపచ్చ వేద్దామనుకుంటున్నాను. నాన్న ఇదే బండి మీద చీడికాడ, రోలుగుంట ఊళ్ళకి ప్రార్థన కూడికలకు వెళ్ళేవాడు. రంగు కింద ఇంకో రంగు, దాని కింద ఇంకోటి వచ్చాయి. చివరి పొర దగ్గర చెయ్యి ఆగింది. అది నేను పుట్టకముందు రంగు.

నిన్న సైలెన్సరు బిగించుకోవడానికి తాతబ్బాయి మామ షెడ్డుకి వెళ్ళాను. రెండు బళ్ళ గురించీ అడిగి, "మొగుడి బండికి గేరు కుడికాలు, బ్రేకు ఎడంకాలు. పెళ్ళాం బండికి గేరు ఎడంకాలు, బ్రేకు కుడికాలు. మీ కాపరం ఎలా సాగుతాదమ్మా?" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను తల వంచుకుని స్పానరు తుడిచాను. ఇంటికి వచ్చాక నవ్వుకున్నాను. పెళ్ళయిన వారం నా బండి తీసుకుని, మొదటి మలుపులోనే బ్రేకనుకుని గేరు తొక్కి, బెల్లం బస్తాల బండి దాకా ఎగిరెళ్ళావు గుర్తుందా? ఆ తర్వాత కూడా నా బండి ఎక్కిన ప్రతిసారీ అదే. మొదటి మలుపు, ఎడమ కాలు, ఒక కుదుపు.

డిసెంబరులో సెలవు ఖాయం చేసుకో. లంబసింగి ఘాట్. నువ్వు ముందు, నేను వెనక. నా కాళ్ళు ఇంట్లో నిలవడం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

షైనీ.


వాస్కో,
24 ఆగస్టు.

షైనీ పిల్లకి,

కోపం లేదు. బూత్‌లో నువ్వు ఊపిరి తీసుకోవడం వినబడింది. దానికే డబ్బులు సరిపోయేయి.

ఇక్కడ వాన ఆగలేదు. ఓడ పొట్టలో దూరి వెల్డింగ్ చేస్తుంటే బయట వానో ఎండో తెలీదు. ఆదివారం మాత్రం నేనూ కన్నబాబూ బీచి రోడ్ల వెంట పడతాం. కన్నబాబు తెలుసు కదా, మన అచ్యుతాపురం వాడు, నా రూములోనే ఉంటాడు. ఇక్కడ తెల్లవాళ్ళ బుల్లెట్లు చూడాలి నువ్వు. ఒకడు హ్యాండిల్ మెడ ఎత్తు పెట్టించేడు. బండి నడుపుతున్నాడో ఉతికిన బట్టలు ఆరేస్తున్నాడో తెలీలేదు. ఇంకొకామె సీటు మీద పాత తివాచీ కుట్టించుకుంది. నువ్వు గుర్తొచ్చేవు. నువ్వయితే కుట్టు దారం రంగు దగ్గర గంటసేపు ఆలోచిస్తావు.

యార్డు తుక్కులో ఇత్తడి ముక్క దొరికితే నీ యెజ్డీ గేరు రాడ్డుకి గుండు చేసేను. పార్సిల్ పంపేను. నాలుగు రోజులు నా జేబులో తిరిగింది అది. అందుకే అంత నునుపు.

ఆకుపచ్చ వెయ్యి. చివరి పొర మాత్రం గీకకు. పైన వేసెయ్యి. మామయ్య రంగు లోపల ఉండనీ.

బుల్లెట్టు క్లచ్ వదులుగా ఉంటుంది, చూడు. నడపకు. నీ మీద నమ్మకం లేక కాదు. అది కుడికాలి బండి. నీ కాళ్ళు యెజ్డీ కాళ్ళు. అవసరం వచ్చిన క్షణంలో కాలు బుర్రని అడగదు.

డిసెంబరు ఖాయం. మేస్త్రీకి చెప్పేసేను. కొత్త బూట్లు కూడా కొన్నాను, చీలమండ దాకా వస్తాయి. ఫోటో దిగి పంపుతాను.

నీ బావ,
రాజు.


అనకాపల్లి,
19 సెప్టెంబరు.

బావకు,

ఇత్తడి గుండు వచ్చింది. బిగించాను. మా స్కూలు లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు రాస్తున్నప్పుడు కూడా ఎడమ కాలు దానికోసం వెతుకుతోంది.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ పిలిచారు. మోటారు సైకిలు మీద వస్తున్నానని ఎవరో తల్లిదండ్రులు అన్నారట.  ఆవిడ నన్ను చూసి, "సైలెన్సరు అయినా మార్చమ్మా, అసెంబ్లీ ప్రార్థనలో ఆమెన్ కంటే ముందు నువ్వు వినిపిస్తున్నావు" అన్నారు. మార్చాను.

ఆకుపచ్చ ఆరింది. ఫోటో తీయించి పంపుతాను. నీ బూట్ల ఫోటో రాలేదు.

షైనీ.


అనకాపల్లి,
14 అక్టోబరు.

బావకు,

జవాబు లేదు. బూత్‌కి వెళ్ళి యార్డుకి ఫోన్ చేశాను. ఎవరో హిందీలో ఏదో అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే కన్నబాబు ఫోన్‌కి వచ్చాడు, "బాగానే ఉన్నాడమ్మా, జొరం వచ్చింది, తగ్గిపోద్ది" అన్నాడు. అడగకముందే తగ్గిపోద్ది అన్నాడు. అది నచ్చలేదు.

సాయంత్రాలు ఇంట్లో ఉండలేకపోతున్నాను. బండి తీస్తే ఎటు వెళ్ళాలో తెలీదు. శారదా నది వంతెన దాకా వెళ్ళి, అక్కడ ఆగి, నీళ్ళు చూసి, మళ్ళీ వస్తాను. అత్త నాకోసం రెండో అన్నం గిన్నె మూత పెట్టి ఉంచుతుంది.

రెండు లైన్లు రాయి. చాలు.

షైనీ.


వాస్కో,
30 అక్టోబరు.

షైనీకి,

జ్వరం వచ్చింది, తగ్గింది. కంగారు పడకు. అమ్మకి చెప్పకు.

డిసెంబరులో సెలవు దొరకదు. ఓడ నీళ్ళలోకి దించే పని ఉంది. లంబసింగి ఎక్కడికీ పోదు.

ఫోటో పంపుతున్నాను. కన్నబాబు వాళ్ళతో దిగేను.

ఊరికే అడుగుతున్నాను, బుల్లెట్టు వెనక బ్రేకు వాడకుండా ఒక్క ముందు బ్రేకుతోనే ఘాట్ దిగొచ్చునంటావా? ఇక్కడ మా వాళ్ళలో పందెం వచ్చింది.

ఆకుపచ్చ బాగుంటుంది.

రాజు.


అనకాపల్లి,
9 నవంబరు.

బావకు,

పందెం ఎవరిదో తెలీదు గానీ జవాబు ఇదిగో: దిగకూడదు. ముందు బ్రేకు ఒక్కదానితో బుల్లెట్టు దిగుడులో నిలవదు. బరువంతా ముందుకి తోసుకొస్తుంది, చక్రం పక్కకి లాగుతుంది.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. నడిపి చూశాను. నీకు ఇచ్చిన మాట తప్పాను. ఇప్పుడు కాదు, ఆగస్టులోనే. మొదటి ఉత్తరంలో స్టార్ట్ చెయ్యడమే అని రాసినప్పటికే రెండుసార్లు చీడికాడ రోడ్డు మీద తిరిగి వచ్చాను. నువ్వు పక్కన లేని రోజు నీ బండి శబ్దం వెళ్తూ వినాలనిపించింది. నిలబడి వినడం సరిపోలేదు. మొదట్లో నేనూ బ్రేకనుకుని గేరు తొక్కాను. నిన్ను చూసి నవ్వినందుకు క్షమించు.

ఇప్పుడు తిట్టు. రెండు పేజీలు తిట్టు. ఎదురుచూస్తాను.

ఫోటో చూశాను. అందరూ నిలబడ్డారు. నువ్వు డ్రమ్ము మీద కూర్చున్నావు. ఫోటో మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. కొత్త బూట్లు కొని, బూట్లు లేని ఫోటో పంపేవాడివి కాదు నువ్వు.

ఏం జరిగింది?

షైనీ.


వాస్కో,
22 నవంబరు.

షైనీకి,

నడిపితే నడిపేవు. తిట్టడం దేనికి? శబ్దం వినాలనిపించిందన్నావు కదా, ఇకపైన నువ్వే నడుపుకో. నీ పేరుకి మార్పించేసుకో. రెండూ నీ దగ్గరుంటేనే మంచిది.

ఫోటో తీసినవాడికి కెమెరా పట్టుకోవడం రాదు. బూట్లు ఉన్నాయి, బానే ఉన్నాయి.

నాకేమీ జరగలేదు. నమ్మకం లేకపోతే విను. మొన్న ఆదివారం కన్నబాబు కొత్త బండి తీసుకున్నాడు. ఈ కాలం బళ్ళన్నీ నీ యెజ్డీ లాగే, గేరు ఎడమ, బ్రేకు కుడి. ఇద్దరం బీచి దాకా వెళ్ళేం. నేనే నడిపేను. కొండ మలుపులు, కొబ్బరి చెట్లు, పక్కన సముద్రం. బండి వెన్నలా వెళ్ళింది. వెళ్ళి వచ్చేదాకా ఒక్క కుదుపు లేదు.

ఈస్టరు దాకా ఇక్కడే ఉంటాను. పని ఎక్కువుంది. తర్వాత కూడా ఇక్కడే ఏదైనా చూసుకుందామనుకుంటున్నాను. ఊళ్ళో ఏముంది?

రాజు.


అనకాపల్లి,
29 నవంబరు.

బావా,

నీ ఎడమ కాలు గేరు తొక్కకుండా మొదటి మలుపు దాటలేదు ఎప్పుడూ. నా బండి మీద నీకు నలభైసార్లు అలవాటైనా తొక్కావు. కన్నబాబు కొత్త బండి మీద, తెలియని కొండ మీద, ఒక్క కుదుపు లేదంటావు.

నువ్వు ఆ బండి నడపలేదు. నిజంగా నడిపి ఉంటే ఎక్కడ ఎగిరిపడ్డావో రాసేవాడివి. అది రాయకుండా ఉండలేవు నువ్వు.

బుల్లెట్టుకి వెనక బ్రేకు లేకపోతే ఏమవుతుందని అడిగావు. ఫోటోలో కూర్చున్నావు. మాట తప్పానంటే కోప్పడలేదు.

ఏ కాలు?

షైనీ.


వాస్కో,
8 డిసెంబరు.

షైనీ,

ఎడమ.

సెప్టెంబరు ఆఖర్లో. చెయిన్ మీద ఇనప రేకు ఎత్తుతున్నాం. కట్టింది నేనే, జారింది. కాలు తీసేలోపు బూటు మీద పడింది. మంచి బూటు కాబట్టి పాదం మిగిలింది అన్నాడు డాక్టరు. మూడు వేళ్ళు పోయేయి. చీలమండ దగ్గర ఇనుము వేసేరు. పాదం ఇక కిందికి వంగదు, నొక్కితే బలం రాదు. కర్రతో నడుస్తున్నాను. కర్ర కూడా పోతుందట కొన్నాళ్ళకి. వంగడం మాత్రం రాదు.

నువ్వు లెక్క వేసుకునే ఉంటావు. బుల్లెట్టుకి ఎడమ కాలంటే బ్రేకు. యెజ్డీకి ఎడమ కాలంటే గేరు. నాకు రెండూ పోయేయి.

ఎందుకు రాయలేదంటే, నువ్వు నన్ను ఒప్పుకున్నది బండి మీద చూసి. మన ఇద్దరికీ ఉన్నది అదొక్కటే అని నాకెప్పుడూ లోపల భయం. నువ్వు చదువుకున్నదానివి, నేను ఐటీఐ. ఇంట్లో కూర్చుంటే నీకు పుస్తకం ఉంటుంది, నాకు గోడ ఉంటుంది. బండి కింద దూరినప్పుడే ఇద్దరం ఒక భాష మాట్లాడేవాళ్ళం. అది లేకుండా నీ ఎదురుగా ఎలా కూర్చోవాలో తెలీలేదు.

ఇక్కడ స్టోర్సులో కూర్చునే పని ఇస్తామన్నారు. ఇక్కడ నన్ను బండి మీద చూసినవాళ్ళు ఎక్కువ మంది లేరు. కర్రతో వెళ్తుంటే ఎవరూ తిరిగి చూడరు. అనకాపల్లిలో రింగు రోడ్డు మీద టీ బడ్డీ ప్రతీదీ నా బండి శబ్దం ఎరుగును.

బుల్లెట్టు ఎవరికైనా ఇచ్చెయ్యి. అమ్మకి చెప్పకు.

రాజు.


అనకాపల్లి,
4 జనవరి 2004.

బావకు,

ఆలస్యానికి కారణం ఉంది. చదువు.

మొదట, అత్తకి చెప్పాను. దాచలేను. నీలాగే నేనూ దాచడం మొదలుపెడితే ఈ ఇంట్లో మాట్లాడేది కుక్కరొక్కటే అవుతుంది. అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. తర్వాత అంది: "నేను ఆణ్ణి కన్నప్పుడు బండితోపాటు కన్నానేటే? ఆ మాట రాయి. కిట్టవమ్మ రాసిందని రాయి." అత్త అసలు పేరు కృపావతి అని నీకు గుర్తుందో లేదో. కోపం వస్తేనే చిన్నప్పటి పేరు చెప్పుకుంటుంది.

రెండోది. నువ్వు తప్పు రాశావు. నిన్ను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, బావవి కాబట్టి. సరిగ్గా చూసింది మాత్రం బండి కింద. మా ఇంటి వెనక నాన్న యెజ్డీ కింద పడుకుని ఉన్నావు. మొహం కనబడలేదు. ఒక చెయ్యి బయటికి చాపి, "పదమూడు" అన్నావు. స్పానరు పెట్టాను. చూడకుండానే, "ఇది పద్నాలుగు, షైనీ" అన్నావు. తిట్టలేదు. చెయ్యి అలాగే చాపి ఉంచావు. నేను వెతికేదాకా ఆగావు. నాకోసం అలా ఆగినవాళ్ళు అంతకుముందు లేరు. అందరూ నా మాట పూర్తికాకముందే వాళ్ళే చెప్పేసేవారు. ఒప్పుకున్నది అందుకు.

మూడోది. నీ బుల్లెట్టుకి ఎడమవైపు బ్రేకు పెడల్ తీసేశాను.

తాతబ్బాయి మామ మొదట ఒప్పుకోలేదు. "ఏటమ్మా, కాలు పనిని సేతికిత్తావా? కంపినీవోడి కన్నా నీకెక్కువ తెలుసా?" అన్నాడు. నేను కాగితం మీద గీసి చూపించాను. కాగితం తిరగేసి చూసి, "ఇదేటి, బ్రేకా, బైబిలు పటమా?" అన్నాడు. అయినా వెల్డింగ్ పెట్టె లాగాడు. పెడల్ నుంచి వెనక చక్రానికి వెళ్ళే రాడ్డు తీసేసి, దాని చోట కేబుల్ వేశాం. కేబుల్ రెండో కొస ఎడమ హ్యాండిల్ మీదికి. క్లచ్ లివరు పైన ఇంకో లివరు. అంటే వెనక బ్రేకు ఇక నీ ఎడమ చేతిది. గేరు నీ కుడికాలిదే. దాన్నెవరూ తాకలేదు.

మొదటిసారి కేబుల్ సాగిపోయింది. రెండోసారి చక్రం ఆగింది గానీ నా చెయ్యి పట్టేసింది. చక్రం దగ్గర బ్రేకుని తిప్పే అరమ్ము కడ్డీ పొడుగు చేసి వెల్డ్ చేశాక తేలికైంది. రోజూ సాయంత్రం వంతెన దాకా వెళ్ళి, ఎడమ కాలు సీటు పక్కకి కట్టేసుకున్నట్టు పైకి పెట్టుకుని, చేత్తో ఆపి చూస్తున్నాను. జనం చూస్తున్నారు. సిగ్గేస్తుంది. అయినా వెళ్తున్నాను.

ఒక్క పని మిగిలింది. నా చెయ్యి చిన్నది. నాకు అందేలా పెట్టిన లివరు నీ వేళ్ళకి అడ్డం వస్తుంది. నీ ఎడమ చెయ్యి కొలత కావాలి. బండి ఎవరికిచ్చినా ఆ కొలతకే ఇస్తాను.

షైనీ.


వాస్కో,
15 జనవరి.

షైనీ,

స్కూటరు కేబుల్ వేసేరా? ఏ కేబుల్ వేసేరో రాయలేదు. స్కూటరుదైతే నెలలో తెగుతుంది. తాతబ్బాయికి బుద్ధి లేదా? మందం తీగ వెయ్యమను. కేబుల్ కొస దగ్గర వంపు ఎక్కువుండకూడదు, ఉంటే అక్కడే నలుగుతుంది. పొడుగు చేసిన అరమ్ము ఒక్కవైపే వెల్డ్ చేసేరా, రెండు వైపులా చేసేరా? ఒక్కవైపే అయితే నువ్వు దాని మీద ఎక్కకు. ఎక్కకు అంటున్నాను.

ఇంకోటి మీరు ఆలోచించలేదు. బండి ఆపినప్పుడు నేను ఎడమ కాలు నేల మీద పెట్టలేను. కుడి కాలు దించాలి. కుడి కాలు దించాలంటే అంతకుముందే గేరు న్యూట్రల్లోకి రావాలి. దానికి మడమ దగ్గర చిన్న లివరు ఉంది కదా, అది అరిగిపోయింది. మార్చాలి. సైడు స్టాండు కూడా ఎడమ వైపే ఉంది, దాన్ని చేత్తో లాగేలా కొక్కెం పెట్టాలి. ఇవి అక్కడెవరికీ రావు.

ఈ కాగితం రెండో వైపు చూడు. చెయ్యి పెట్టి పెన్సిలుతో గీసేను. చిటికెన వేలు దగ్గర కదిలింది, అది లెక్క చెయ్యకు.

అమ్మతో చెప్పు, కిట్టవమ్మ మాట అందింది.

స్టోర్సు పని వద్దన్నాను. ఫిబ్రవరిలో వస్తున్నాను. అరమ్ము నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు.

రాజు.


రాజమండ్రి,
6 మే 2004.

బావకు,

స్కూలు వేసవి సెలవుల్లో పెట్టిన ఈ బీఈడీ క్లాసులు పొద్దున్న మొదలైతే సాయంత్రం దాకా. హాస్టల్ గదిలో ఫ్యాను లేదు. గోదావరి వైపు కిటికీ ఉంది, అది చాలు. మిగతా అమ్మాయిలు నిద్రపోయే వేళ కూడా నేను మెట్ల మీద అటూ ఇటూ ఎందుకు తిరుగుతున్నానని వార్డెన్ అడిగింది. 

ఫిబ్రవరిలో స్టేషన్లో నువ్వు రైలు దిగినప్పుడు నేను కాలు వైపు చూడలేదు. నేను చూడడం లేదని నువ్వు చూశావు.  ఇంటికి రాగానే కర్ర గోడకి ఆనించి, నేల మీద కూర్చుని, అరమ్ము వెల్డింగు వేలితో తడిమి, "రెండు వైపులా చేసేరు" అన్నావు. అంతే. ఆ రోజు నుంచి నేను రైలెక్కేదాకా బండి మీద అన్నీ చేశావు. న్యూట్రల్ లివరు మార్చావు. కొక్కెం పెట్టావు. నీ చేతి కొలతకి లివరు మళ్ళీ వంచావు. స్టాండు మీద ఉంచి, ఎక్కి కూర్చుని, ఇంజను ఆడించి, దిగావు.

దిగావు. ప్రతిసారీ దిగావు. గేటు దాటలేదు.

అత్త పక్కింటమ్మాయి చేత రాయించింది: "మీ ఆయన రోజూ బండి తుడుత్తున్నాడు. పెళ్ళికూతురికి కూడా అంత నలుగు పెట్టరు."

నేను నిన్ను తొందరపెట్టను. కానీ ఒకటి అడుగుతాను. నన్ను సంతోషపెట్టడానికి నడిపానని మాత్రం రాయకు. నువ్వు అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుందని నీకు తెలుసు. నడపకపోతే నడపలేదనే రాయి. నడపని బావతో కూడా నేను కాపరం చేస్తాను. దాక్కున్న బావతో చెయ్యలేను. సగం దాక్కుని నువ్వూ, సగం వెతుక్కుంటూ నేనూ, మనకి ఊపిరి ఆడడం లేదు.

యెజ్డీకి వారానికోసారి కిక్కు కొట్టు. అది చేత్తో కూడా కొట్టొచ్చు.

షైనీ.


అనకాపల్లి,
16 మే.

షైనీ పిల్లకి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదటి రోజు కోపం వచ్చింది. రెండో రోజు నీ యెజ్డీ కిక్కు కొట్టేను. కాలు వాడలేదు, చేత్తోనే. నీ మాట ప్రకారం.

ఇవాళ పొద్దున్న అమ్మ చర్చికి వెళ్ళింది. ఇల్లు ఖాళీగా ఉంటే బండి నన్ను చూస్తున్నట్టుంది. తుడవడానికి గుడ్డ తీసేను. ఎక్కడా తుడవడానికి ఏమీ మిగల్లేదు. గుడ్డ పడేసి గేటు తీసేను.

వీధి చివరి దాకా మొదటి గేరులోనే వెళ్ళేను.  రోడ్డెక్కేక రెండో గేరు వేసేను. గాలి మొహానికి తగిలింది. కర్ర ఇంట్లోనే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. వంతెన దాటి, గానుగ దగ్గర మొదటి మలుపు వచ్చింది.

బ్రేకు వెయ్యాలి. ఎడమ చెయ్యి లివరు మీదే ఉంది. నువ్వు నా కొలతకి చేసిన లివరు. నేను వంచిన లివరు. రెండు నెలలు స్టాండు మీద వందసార్లు నొక్కి చూసుకున్న లివరు.

ఎడమ కాలు తొక్కింది.

అక్కడ పెడల్ లేదు. నువ్వు తీసేసేవు. ఖాళీ మీద, ఉన్న రెండు వేళ్ళతో, ఎంత గట్టిగా తొక్కేనో తెలుసా? బండి ఆగలేదు. తిన్నగా వెళ్ళి, అప్పలరాజు గానుగ పక్కన ఆరబోసిన చెరకు పిప్పి కుప్పలో దూరింది. హెడ్‌లైటు దాకా లోపలికి పోయింది. నేను హ్యాండిల్ మీద కూర్చున్నట్టు మిగిలేను.

అప్పలరాజు టీ గ్లాసు పట్టుకుని నిదానంగా వచ్చేడు. "ఏటి రాజు, బుల్లెట్టుకి మేత ఎడతన్నావేటి?" అన్నాడు. అప్పటికి నా మీద పిప్పి తప్ప ఏమీ కనపడటం లేదు. కాలు సంగతి వాడు అడగలేదు. "పెట్రోలు రేటు పెరిగింది బావా" అన్నాను. వాడు నవ్వేడు. నేనూ నవ్వేను. సెప్టెంబరు తర్వాత నా నవ్వు నాకు వినబడడం అదే మొదటిసారి.

ఇద్దరం కలిసి లాగేం. హెడ్‌లైటు రింగు వంగింది. నీకు కోపం వస్తుంది, తెలుసు. నేను సరిచేస్తాను.

మళ్ళీ ఎక్కేను. మెయిన్ రోడ్డు మలుపులో మళ్ళీ కాలే ముందు తొక్కింది, చెయ్యి తర్వాత నొక్కింది. బండి ఆగింది. చీడికాడ రోడ్డు దాకా వెళ్ళేను, వచ్చేసరికి ఎన్ని మలుపులో లెక్కపెట్టలేదు. ప్రతి మలుపులోనూ కాలు తొక్కుతూనే ఉంది. ఇక అది మానదనుకుంటాను. పాపం, దానికెవరూ చెప్పలేదు.

డిసెంబరు లంబసింగికి నువ్వు ముందు వెళ్ళు. నేను వెనక వస్తాను. కొన్నాళ్ళు నా ముందు మెత్తగా ఏమీ ఉండకపోవడమే మంచిది గానీ, నువ్వుంటే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

అమ్మ చర్చి నుంచి వచ్చి బండి సందుల్లోంచి పిప్పి ఏరుతోంది.  ఒక పుల్ల తీసి నాకు చూపించి, ఈ కవరులో పెట్టమంది. పెట్టేను. నమ్మకం లేకపోతే వాసన చూడు.

నీ బావ,
రాజు.